ఇటుకలంక దిబ్బకు సైకిలు మీద

అనకాపల్లి గ్రంథాలయంలో కిటికీ పక్క బీరువాలో, అడుగు అరలో, అట్టలు ఊడిపోయిన పాత సర్వే పుస్తకం ఒకటి ఉంది. మన తీరం వెంబడి ఉన్న పురాతన కట్టడాలను ఒకాయన తిరిగి చూసి వరసగా రాసుకుంటూ వచ్చాడు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న ఒక లంక గురించి మాత్రం రెండే వాక్యాలు రాశాడు. అక్కడ పెద్ద ఇటుకల దిబ్బ ఉందని జాలర్లు చెప్పారట. ఆ రోజు కెరటాలు ఎక్కువగా ఉండి పడవ బయల్దేరలేదట. తర్వాతి పేరాలో ఆయన ఇంకో ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఆ పేరా దగ్గరే ఆగిపోయాను.

నేను బట్టలు కుట్టే టైలర్ని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆ గ్రంథాలయం బల్లల మీద, పక్కన నిఘంటువు పెట్టుకుని చదువుకున్నదే. శంకరం దగ్గర బొజ్జన్నకొండకు మా చుట్టాలు ఎవరొచ్చినా చూపించేది నేనే. స్తూపమంటే ఏమిటి, చైత్యమంటే ఏమిటి, భిక్షువులు వర్షాకాలం ఎక్కడ తలదాచుకునేవారు, అన్నీ నిలబెట్టి చెబుతాను. వాళ్ళు పారిపోవాలని చూస్తారు, వదలను. అలాంటి నాకు, మా జిల్లాలోనే, నేను చూడని దిబ్బ ఒకటి ఉందంటే నిద్ర పడుతుందా?

లంకలో రోడ్డు లేదనీ, మోటారుసైకిలును చిన్న పడవలోకి ఎక్కించడం కష్టమనీ విన్నాను. సైకిలైతే పడవలో అడ్డంగా పడుకుంటుంది. పాటు మీద నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిపడి తొక్కడానికి వీలుగా ఉంటుంది. అందుకని సైకిళ్ళ మీద వెళ్దామనుకున్నాను.

తోడు మా బామ్మర్ది అప్పలనాయుడు. దేవరాపల్లిలో చెరకు రైతు. నరుకు మొదలవడానికి ఇంకా టైముంది కాబట్టి ఖాళీగా ఉన్నాడు. "నువ్వు రాళ్ళు సూసుకో బావా, నాను సేపలు తినేసి వత్తాను" అని ముందు రోజు రాత్రే మా ఇంటికి వచ్చి పడుకున్నాడు.

తెల్లవారకముందే ఐదింటికి బయల్దేరాం. కార్తీకం వెళ్ళిన రోజులు. నాలుగు రోజులుగా ముసురు పట్టి, ఆ రోజుకి కాస్త తెరిపి ఇచ్చింది. మునగపాక దాటేసరికి వెలుతురు వచ్చింది కానీ సూర్యుడు రాలేదు. రోడ్డుకు రెండువైపులా కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుని ఉంది. ఒక రైతు గట్టు మీద గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నాడు. నాయుడు సైకిలు దిగి, ఆయనెవరో తెలియకపోయినా, "మొలకలొచ్చేసేయా మామా?" అని అడిగాడు. ఆయన తల ఎత్తకుండానే "వచ్చేసేయి" అన్నాడు. నాయుడు మళ్ళీ సైకిలెక్కి చాలా దూరం మాట్లాడలేదు. అది వాడికి కొత్త.

అచ్యుతాపురం కూడలిలో కంపెనీ బస్సులూ లారీలూ ఒకదాని వెనక ఒకటి వెళుతుంటే మేము అంచున బురదలో నడిపించుకుంటూ వెళ్ళాం. అక్కడే ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాం. వెళ్ళదలచినవాళ్ళు అక్కడే కడుపునిండా తినాలి. ఆ తర్వాత తిండి దొరకదు. రాంబిల్లి దాటి తీరం వైపు తిరిగాక ఆఖరి టీ కొట్టు ఒకటి వస్తుంది. దాన్ని నడిపే ఆవిడ మా సైకిళ్ళను చూసి ఎక్కడికని అడిగింది.

"ఇటుకలంక," అన్నాను.

"ఎందుకు?"

"మా బావ బుక్కులో సదివేడు," అన్నాడు నాయుడు.

"బుక్కులో ఉందేటి ఆ లంక?" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఓటర్ల లిస్టులోంచి తీసేసేరు. ఆ ఊరోలందర్నీ కాలనీకి తెచ్చేసేరు. ఇప్పుడు అక్కడ సచ్చిపోయినోలు తప్ప ఎవులూ లేరు. ఒక్క మనిషి ఉండిపోయింది. మీరెల్తే సూత్తారులే."

తొమ్మిదిన్నరకి ఒడ్డు చేరాం. సరుగుడు తోట వెనక కొత్త కాలనీ ఉంది. అన్నీ ఒకే తీరు ఇళ్ళు, ఒకే నీలం రంగు. తలుపుల మీద నంబర్లు. వలలు ఆరేసుకోవడానికి చోటు లేక గోడల మీదే వేసుకున్నారు. ఒడ్డున ఒక ఫైబర్ పడవ పక్కన అరవై దగ్గర పడుతున్న మనిషి ఇంజను తుడుస్తున్నాడు. ఆయన పేరు నూకరాజు. లంకకు తీసుకెళ్ళడానికి వెంటనే ఒప్పుకున్నాడు. ఇద్దరికీ సైకిళ్ళకూ కలిపి మూడు వందలన్నాడు, రానూపోనూ. "నానూ ఎల్లాల్సిందే. నాలుగింటికల్లా తిరిగి రావాల. పోటు ఎక్కితే మొగలో పడవ నిలబడదు," అన్నాడు.

నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. దూరాన లంక ఒక నల్లటి గీతలా కనిపించింది.

"మేస్టారా మీరు?" అని నన్ను అడిగాడు నూకరాజు.

"మేస్టారు కాదు మామా, టైలరు," అన్నాడు నాయుడు. "గాని బుక్కులు ఎక్కువ సదివేసేడు. ఆ జబ్బుకి మందు లేదు."

నూకరాజు నవ్వలేదు. "దిబ్బల గురించి కూడా సదివేరా?"

చదివానన్నాను. ఎలా కడతారో, లోపల గోడలు ఎలా ఉంటాయో కూడా తెలుసునన్నాను.

ఆయన ఇంజను వేగం తగ్గించాడు. "అయితే మీరు నాకొక సాయం సేయాల బాబూ. నా గుంటడు ఆ దిబ్బలో ఉన్నాడు. ఎక్కడున్నాడో నాకు తెల్దు."

తర్వాత ఆయన చెప్పినదంతా ఇది. లంకలో పెద్ద పోట్లకు కూడా తడవని మట్టి నేల ఆ దిబ్బ ఒక్కటే. అందుకని ఎప్పటినుంచో చనిపోయినవాళ్ళను దాని మీదే పాతిపెడతారు. పేరు రాయరు. దిబ్బలోంచి పాత ఇటుక ఒకటి తీసి తలవైపు నిలబెడతారు. చాలా ఏళ్ళ కిందట నూకరాజు కొడుకు సత్తిబాబు జ్వరంతో పోయినప్పుడు వాడికి పదేళ్ళు. తండ్రి అప్పుడు మిగతా మగవాళ్ళలాగే గుజరాత్‌లో, వేరావల్ నుంచి వేటకెళ్ళే బోటు మీద ఉన్నాడు. ఒడ్డుకొచ్చి ఫోను ఎత్తేసరికే పాతిపెట్టడం అయిపోయింది. తిరిగొచ్చాక కూడా ఆ చోటు చూడటానికి మనసొప్పక ఎవర్నీ అడగలేదు. తల్లి పోలమ్మ లంకలోనే ఉంది కానీ ఆడవాళ్ళు ఆ దిబ్బ ఎక్కకూడదు. అది లంక కట్టుబాటు. ఇంటి గుమ్మం దాకానే ఆమెను రానిచ్చారు.

"పాతినోలు నలుగురు. ముగ్గురు పోయేరు. ఒకడున్నాడు, ఆడికి ఇప్పుడు సరిగ్గా గేపకం లేదు. తూరుపు మూలన, రెండు గోడల మజ్జిన ఎట్టేం, మూడు వేళ్ళ గీతలున్న ఇటుక నిలబెట్టేం అంటాడు. అంతే."

"మరి మీరు వెతకలేదా?"

"పోయినేటి తుపానుకి తూరుపు పక్కంతా ఇరిగి సముద్రంలో పడిపోయింది. ఇటుకలన్నీ కలిసిపోయేయి. మూడు వేళ్ళ ఇటుకలు వందలున్నాయి బాబూ." ఆయన నీళ్ళవైపు చూశాడు. "నా ఆడది ఆడిని తెత్తే గాని లంక దిగనంటాది. ఊరంతా వచ్చేసింది. అదొక్కర్తీ అక్కడుంది. ఎల్లుండి మళ్ళీ తుపానంట, ఫోన్లో సెప్పేరు. ఈసారి ఆ గుడిసె నిలబడదు. ఇయాల అది పడవెక్కాల. ఆ గుంటడు దొరకాల."

నాయుడు నావైపు చూశాడు. నేను నా సంచిలోని కాగితం తీసి, పెన్సిలుతో ఒక గుండ్రం గీశాను. మధ్యలో ఇరుసు, చుట్టూ బండిచక్రం ఆకుల్లా గోడలు. స్తూపం లోపల ఇలాగే కడతారు, మధ్య ఖాళీల్లో మట్టి నింపుతారు అని చెప్పాను. నూకరాజు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అవును. గోడలు ఇలాగే ఉంటాయి," అన్నాడు. నాకు కలిగిన సంతోషం ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి ఇష్టం లేదు.

పదిన్నర దాటాక లంక మీద దిగాం. ఊరి ఆనవాళ్ళు మిగిలే ఉన్నాయి. కప్పులు లేని గోడలు, తిరగబడ్డ తెప్ప, చిరిగిన వలల కుప్ప మీద పడుకున్న కుక్క. ఒకే ఒక గుడిసెలోంచి పొగ వస్తోంది. దాని వెనకే దిబ్బ, ఒక చిన్న కొండంత.

పోలమ్మ బయటికొచ్చి మమ్మల్ని ఎగాదిగా చూసింది. సన్నగా, నిటారుగా ఉంది.

"మళ్ళీ ఎవుల్ని ఎట్టుకొచ్చేవు? కాగితాల మీద ఏలిముద్రలు ఏయించుకునేవోలేటి?"

"కాదప్పా, సైకిళ్ళోలం," అన్నాడు నాయుడు.

"సైకిళ్ళా! ఈ ఇసకలోనా?" ఆమె మొగుడివైపు తిరిగింది. "తెలివైనోలు దొరకలేదేటి నీకు?"

అయినా మాకు చెరో ముంత చోడంబలి, అదే రాగి అంబలి, పోసి, కాల్చిన ఎండుచేప పెట్టింది. నాయుడు రెండో ముంత అడిగితే, "సేలో పని సేసే మడిసిలా ఉన్నావు నువ్వు" అని పోసింది. నన్ను మాత్రం ఏమీ అనలేదు. అంబలి తాగినంతసేపూ ఆమె దిబ్బవైపు వీపు పెట్టి కూర్చుంది.

నూకరాజు గునపం పదును చూసుకుంటానన్నాడు. ఈలోగా పాటు ఉండగానే లంక దక్షిణం కొస చూసి రమ్మన్నాడు. నీటి అంచు వెంబడి సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్ళాం. పోలమ్మ వెక్కిరించినట్టు కాలేదు, ఇసుక రాతిచట్టులా గట్టిగా ఉంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క సరుగుడు చెట్లు. మా చక్రాల గీతలు తప్ప ఇసుక మీద మనిషి జాడ లేదు. గాలి ఎదురు కొడుతోంది.

దక్షిణం కొసన నల్లరాతి గుట్ట ఒకటి ఉంది. దాని మీద మెట్లు చెక్కి ఉన్నాయి. పైన నాలుగు తొట్లు, పెట్టెలా నలుచదరంగా, రాయిని తొలిచి చేసినవి. వాన నీళ్ళు అంచుదాకా నిండి ఉన్నాయి. సముద్రం మధ్యలో తాగే నీళ్ళు! భిక్షువులు రెండువేల ఏళ్ళ కిందట వాన నీళ్ళు పట్టుకోవడానికి చెక్కుకున్న తొట్లయి ఉంటాయని నాయుడికి వివరించాను. వాడు దోసిలి పట్టి తాగి, "తియ్యగా ఉన్నాయి బావా" అన్నాడు. అంచున ఒక రాతి మీద, బిందెలు పెట్టి పెట్టి అరిగిన గుంటలు వరసగా ఉన్నాయి. భిక్షువులు వెళ్ళిపోయాక లంక ఆడవాళ్ళు ఈ నీళ్ళే మోసుకున్నారన్నమాట. ఇప్పుడు వాళ్ళూ వెళ్ళిపోయారు.

తిరిగి వస్తూ సరుగుడు చెట్ల మధ్య పునాదుల వరసలు చూశాం. ఒక్కొక్క గది ఒక మనిషి పడుకునేంత. నా మెడలో ఎప్పుడూ ఉండే టేపుతో ఒక ఇటుకను కొలిచాను. ఇప్పటి ఇటుకలు మూడు పెట్టినా దానికి సరిపోవు. ఇటుక పచ్చిగా ఉన్నప్పుడు దాని మీద వేళ్ళతో లాగిన గీతలున్నాయి, కొన్నిటి మీద రెండు, కొన్నిటి మీద మూడు. ఆ గీతల్లో నా వేళ్ళు పెట్టి చూశాను. సరిగ్గా కూర్చున్నాయి. ఇంకో రోజైతే దాని గురించి నాయుడికి అరగంట చెప్పేవాణ్ణి.

"ఆ గుంటడు దొరుకుతాడా బావా?" అన్నాడు నాయుడు.

"దొరకాలి. లెక్క ప్రకారం దొరకాలి."

"లెక్క పెకారం," అని వాడు సైకిలెక్కాడు.

దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట అయింది. పశ్చిమం వైపు నుంచి ఎక్కాం. పైన నేలంతా నిలబెట్టిన ఇటుకలే. కొన్ని వాలిపోయాయి, కొన్ని పడి గడ్డిలో మునిగాయి. అడుగు ఎక్కడ వేయాలో తెలియలేదు. తూర్పు అంచుకు వెళితే దిబ్బ జున్నుముక్కను కోసినట్టు నిలువుగా తెగి ఉంది. కింద సముద్రం కొడుతోంది. ఆ కోతలో ఇటుకల గోడలు ఒకదాని పక్కన ఒకటి బయటపడి ఉన్నాయి. మధ్య మట్టిలో తెల్లగా కనిపిస్తున్నవేమిటో నేను దగ్గరగా చూడలేదు.

నూకరాజు ఇంతకుముందు తెగిన అంచు వెంబడే వెతికాడు. అది ఇప్పటి తూర్పు మాత్రమేననీ, అసలు దిబ్బ గుండ్రంగా ఉన్నప్పుడు నడిబొడ్డు ఎక్కడుండేదో కనుక్కుంటే మిగిలిన గోడలు ఎటు వెళ్ళాయో తెలుస్తుందనీ నేను చెప్పాను. టేపుతో కొలిచిన తాడు పట్టి, నాయుడిని ఒక కొసన నిలబెట్టి, గోడలు కలిసే చోటు లెక్కవేశాను. ఈశాన్యం వైపు ఒక మూల ఇంకా పడిపోలేదు. రెండు గోడల మధ్య ఉంది. అక్కడ మూడు వేళ్ళ ఇటుక ఒకటి నిలబడే ఉంది.

ఇలాంటి చోట తవ్వకూడదని నాకు తెలుసు. ఎవరైనా తవ్వితే కోప్పడేవాళ్ళలో నేను మొదటివాణ్ణి. కానీ ఎల్లుండి తుపాను, కింద గుడిసెలో ఒక మనిషి. "ఇక్కడే" అన్నాను.

నూకరాజు కండువా నడుముకు బిగించి, ఇటుకకు దండం పెట్టి, గునపం వేశాడు. మట్టి మెత్తగా ఉంది. మోకాలి లోతు వెళ్ళాక గునపం పక్కన పడేసి చేతులతో తీయడం మొదలుపెట్టాడు. "నెమ్మదిగా నాన్నా, నెమ్మదిగా," అంటున్నాడు. తనకు చెప్పుకుంటున్నాడో కొడుకుతో అంటున్నాడో తెలియదు. నాయుడు మట్టిని తట్టలోకి ఎత్తి దూరంగా పోస్తున్నాడు.

కాలి ఎముకలు ముందు కనిపించాయి. పదేళ్ళ పిల్లవాడివి అనుకోవడానికి పెద్దవి. నూకరాజు ఆగలేదు. వేళ్ళ దగ్గర మట్టి ఊదాడు. వెండి మట్టెలు రెండు, నల్లబడిపోయి, కనిపించాయి.

ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. నేను టేపు మడతపెట్టాను.

"ఆడమనిషి," అన్నాడు చివరికి. "ఎవులి ఇల్లాలో. మనం ముట్టకూడదు బాబూ. మావోల్లో ఆడోల ఒళ్ళు కడిగి గుడ్డ సుట్టీది ఆడోలే, ఆ తరవాతే మగోలం మోత్తాం."

"ఇలా వదిలేసి వెళ్ళలేం కదా," అన్నాను.

ఆయన దిబ్బ అంచుకు వెళ్ళి నిలబడి కిందికి కేకేశాడు. "పోలీ! ఒలే పోలీ! ఇలా రాయే!"

కింద గుడిసె ముందు ఆమె లేచి నిలబడింది. "దొరికేడా?"

"లేదు. ఇంకెవులో. ఆడమనిషి. నువ్వు రావాల."

"నానక్కడికి ఎక్కకూడదు గదా!"

"ఎవులున్నారే ఇప్పుడు అడగడానికి?" అన్నాడు నూకరాజు. "రా."

ఆమె చాలాసేపు కదల్లేదు. తర్వాత కాళ్ళు కడుక్కుని, కొంగు బిగించుకుని, మేము ఎక్కిన దారిలోనే నెమ్మదిగా పైకి వచ్చింది. పైకి రాగానే ఆగి, నిలబెట్టిన ఇటుకలన్నిటినీ ఒకసారి చూసింది. ఇన్ని ఉంటాయని ఆమె అనుకోలేదని ముఖం చూస్తే తెలిసింది. గుంట దగ్గరకు వచ్చి కూర్చుని మట్టెల్ని చూసింది.

"ఎవులు?" అన్నాడు నూకరాజు.

"ఎవులైతేనేటి. ముత్తైదువు." మమ్మల్ని పక్కకు తిరగమంది. తిరిగాం. ఆమె తన భుజం మీది తువ్వాలు పరిచి, మట్టి కప్పిన చప్పుడు వినిపించింది. "పడుకో తల్లీ, మగోలు బుద్ధిలేకుండా లేపేరు" అనడం కూడా వినిపించింది. ఇటుకను మళ్ళీ నిలబెట్టింది.

నేను ఆమెకు ఏదో చెప్పబోయాను. లెక్క ఎక్కడ తప్పిందో, దిబ్బ నిజంగా గుండ్రంగానే ఉండేదో లేదో. ఆమె వినలేదు. లేచి ఇటుకల మధ్యకు వెళ్ళింది. మూడు గీతలున్న ప్రతి ఇటుక దగ్గరా వంగి, వేళ్ళు ఆ గీతల్లో పెట్టి, ఒక క్షణం ఉంచి, పక్కదానికి వెళుతోంది. గడ్డిలో పడిపోయిన వాటిని కూడా ఎత్తి చూసింది. నూకరాజు కాసేపు ఆమె వెనక నడిచి, ఆగిపోయాడు. మూడు దాటింది. గాలి పెరిగింది. కింద నీళ్ళు దగ్గరికొస్తున్నాయి. ఎవరూ ఆమెను పిలవలేదు.

చివరికి ఆమె దిబ్బ మధ్యలో, ఏ ఇటుకకూ దగ్గర కాని చోట, చతికిలబడి కూర్చుంది. కిందికి చూసింది.

"ఇక్కడ్నుంచి మన గుమ్మం అవుపడతాదే," అంది మొగుడితో.

"అవుపడతాది."

"పొయ్యి కూడా అవుపడతాంది."

"ఊఁ."

"అయితే ఆడికి అవుపడతానే ఉన్నానన్నమాట." చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ నేలకు ఆనించి లేచింది. "పద. గిన్నెలు పడవలో ఎట్టు. నీళ్ళు వచ్చేత్తన్నాయి."

ఆమె సామాను ఎంతో లేదు. రెండు గిన్నెలు, ఒక ట్రంకుపెట్టె, చాప, చోళ్ళ మూట. నాయుడు పెట్టెను తన సైకిలు క్యారేజీకి కట్టి, ఒక చేత్తో పట్టుకుని ఒడ్డుదాకా నడిపించాడు. చోళ్ళ మూట నా సైకిలుకు కట్టాను. నూకరాజు గుడిసె తలుపు తడికను దగ్గరికి వేసి, తాడు కట్టాడు. కుక్క వచ్చి పడవలోకి తానే దూకింది.

నాలుగున్నరకి బయల్దేరాం. మొగలో నీళ్ళు పైకి లేచి పడుతున్నాయి. పోలమ్మ లంకవైపు ముఖం పెట్టి కూర్చుంది. ఏడవలేదు. లంక మళ్ళీ నల్లటి గీత అయ్యేదాకా చూసి, నావైపు తిరిగింది. పొద్దున్నించీ ఆమె నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఆ దిబ్బ ఏటని ఉంది బాబూ మీ బుక్కుల్లో?"

చెప్పాను. చాలా కాలం కిందట బుద్ధుడని ఒక మహానుభావుడు ఉండేవాడు. ఆయన పోయాక అస్థికలు పంచుకుని, వాటిని లోపల పెట్టి, పైన ఇలాంటి దిబ్బలు కట్టారు. అన్నిటిలోనూ ఆయనవే ఉండవు. ఆయనను నమ్మిన పెద్దలవి కూడా పెడతారు. జనం చుట్టూ తిరిగి దండం పెట్టుకునేవారు.

"అయితే అదీ శ్మశానమే."

"అదీ శ్మశానమే."

"ఆయనకీ తల్లి ఉంటాది గదా. ఆవిడ్ని ఎక్కనిచ్చేరా?"

నాకు ఈ జవాబు తెలుసు. ఎన్నో పుస్తకాల్లో చదివాను. చెప్పకుండా ఉండాల్సింది కానీ, ఆమె నా ముఖంలోకి చూస్తూ ఉంది. "ఆవిడ లేదప్పా అప్పటికి. ఆయన పుట్టిన వారానికే పోయింది."

ఇంజను చప్పుడులో వినిపించిందో లేదో అనుకున్నాను. వినిపించింది.

"పెట్టి పుట్టింది తల్లి," అంది పోలమ్మ. కుక్కను దగ్గరకు లాక్కుంది.

ఒడ్డున కాలనీలోంచి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎదురొచ్చి ఆమె గిన్నెలు అందుకున్నారు. దొరికాడా అని ఎవరూ అడగలేదు. నూకరాజు మా దగ్గర డబ్బు పుచ్చుకోనన్నాడు. నాయుడు బలవంతంగా జేబులో పెట్టాడు.

చీకటి పడుతుండగా రాంబిల్లి దాటాం. సన్నగా తుప్పర మొదలైంది. అచ్యుతాపురంలో లారీల వెలుగులో నాయుడు నా పక్కకు వచ్చి, "ఇంకో మూల ఉండుంటాది బావా. తూరుపే గాని కిందికి," అన్నాడు. ఉండొచ్చు అన్నాను. "పడిపోయిన దాంట్లో ఉండుంటాడేమో." ఉండొచ్చు అన్నాను. ఎండుచేప తప్ప ఇంకే చేపా తినలేదని అనకాపల్లి దాకా వాడు అననేలేదు.

చెప్పిన రోజుకే తుపాను వచ్చింది. లంక మునగలేదట. దిబ్బ ఎంత మిగిలిందో ఎవరూ వెళ్ళి చూడలేదు. ఈ తీరంలో నేను చూసిన వాటన్నిటిలోకీ అది పెద్దది, బొజ్జన్నకొండంత పాతదై ఉంటుంది. చూడదలచినవాళ్ళు వానలు వెనకబట్టాక, గాలి లేని రోజున, పొద్దున్నే వెళ్ళండి. తాగే నీళ్ళు మోసుకెళ్ళనక్కర్లేదు, తొట్లలో దొరుకుతాయి. దిబ్బ మీద మాత్రం చూసి నడవండి. ప్రతి ఇటుక కిందా ఒకరున్నారు. ఎవరెక్కడున్నారో చెప్పడానికి ఆ లంకలో ఇప్పుడు ఒక్కరు కూడా లేరు.